గోదావరి రేవుల చరిత్ర: కోరంగి యోడరేవు, మడయడవి

(గత సంచిక తరువాయి)

గత సంచికలో వాసిష్ఠీ తీరమునందలి నరసాపురమును, దాని చెంతనున్న మాధవాయపాలెమును గూర్చి ముచ్చటించి, 17వ శతాబ్ది యుత్తరార్ధమున థామస్ బౌరీ యను ఆంగ్ల నావికుడు వర్ణించిన అచ్చటి యోడపనిని స్మరించి కథ నాపితిమి. ఇక పడమటి పాయను విడిచి తూర్పుదెసనున్న గౌతమిని దాటవలసియున్నది. అమలాపురమునుండి కాకినాడకు పోవు మన కోనసీమవాసి, పూర్వమైనచో ఎదుర్లంక రేవున పంటుకై పడిగాపులు కాచి, 2002 తరువాతనైనచో బాలయోగి వారధిమీద నాలుగైదు నిమిషములలో ఏఱు దాటి, యానాము, ఇంజరము, తాళ్లరేవు, కోరంగి, చొల్లంగి గ్రామములను వరుసగా గడచి పోవును. కుడిచేతి ప్రక్కను కొబ్బరితోటలు పలుచబడి, చేపల చెఱువులు వచ్చి, వాని వెనుక నల్లని పచ్చదనముతో మడయడవి గోడవలె నిలిచియుండును. బస్సు కోరంగిలో ఆగిన అర నిమిషములో ఆ యడవివంక చూచి, ఒకప్పుడు ఈ తీరమునందెల్ల పేరుమోసిన నౌకాశ్రయమును, నౌకానిర్మాణ స్థానమును ఇక్కడనే యుండెనని గుర్తించు ప్రయాణికు లెందఱో నేనెఱుగను.

మహానగరముల నీటియొడ్డున కాలముచెల్లిన రేవులను, గిడ్డంగులను, ఓడల మరమ్మతు స్థలములను ఏమి చేయవలెనను ప్రశ్న గత అర్ధశతాబ్దిగా లండనులోను, హాంబర్గులోను, బొంబాయిలోను పాలకులను, శిల్పులను, స్థలముల వ్యాపారులను వేధించుచున్నది. అది ధనిక నగరముల సమస్యయేకాని గోదావరి లంకలకు సంబంధించినది కాదని తలచుట పొరపాటు. మన ముంగిటనే ఆ ప్రశ్న రెండువందల యేండ్లకు పూర్వమే పుట్టినది. దానికి మొదటి సమాధానమును మనుష్యుడు గాక, గోదావరి యొండ్రుమట్టి చెప్పినది.

సప్తగోదావరీ శాఖలలో ఆత్రేయ యని పురాణము పేర్కొను పాయయే కోరంగి పాయ. చొల్లంగి యమావాస్యనాడు తుల్యభాగా సంగమమున మునిగి సప్తసాగరయాత్ర నారంభించి అంతర్వేదిలో ముగించు భక్తులు నేటికిని ఈ త్రోవనే నడచుచున్నారు. వర్తకులకు మాత్రము ఈ పాయ పావిత్ర్యముకన్న దాని బురద ముఖ్యమయ్యెను. నైరుతి ఋతుపవనము వీచు నెలలలో కోరమాండలు తీరమెల్ల కెరటముల తాకిడికి గురియై యుండగా, కోరంగి యెదుటి అఖాతము నిమ్మళముగా నుండును; అడుగున మెత్తని బురద యుండుటచే లంగరు చక్కగా దిగును; ఓడ నేలను తాకినను పగులదు; ఎగువ కొండలనుండి టేకుదుంగలు ఏటివెంట తేలి వచ్చును; చేయితిరిగిన వడ్రంగులు, కమ్మరులు, తెరచాపలు కుట్టువారు చుట్టుపట్ల గ్రామములలోనే యుందురు. ఇన్ని సదుపాయములొక్కచోట గూడుటచేతనే ఇంజరమున ఇంగ్లీషువారు, యానామున ఫ్రెంచివారు, జగన్నాథపురమున డచ్చివారు, ఒకరి జెండా యొకరికి దాదాపు కనబడునంత దగ్గరగా కొట్లు పెట్టుకొని కూర్చుండిరి. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ సేనలు మాధవాయపాలెమును, మన కోనసీమయందలి బెండమూర్లంకను, ఇంజరమును ఒక్క విసురున పట్టుకొన్నవి. మఱుసటి యేడు డిసెంబరు 9వ తేదీని ఇంగ్లీషువారితో జరిగిన చందుర్తి పోరుతో ఫ్రెంచివారి ఆ వైభవము తలక్రిందులయ్యెను. ఆ యుద్ధకథ చదువరులు ఎఱిగినదే గనుక దానిని విడిచి, ఓడపని యొద్దకు వత్తము.

బురదడాకు అనునది చూచుటకు మోటుగా గనిపించును గాని ఆలోచింపగా చాల తెలివైన పని. పున్నమికో అమావాస్యకో పోటు మిక్కుటముగా నెక్కిన వేళ, ఏటియొడ్డున త్రవ్వియుంచిన గుంటలోనికి ఓడను లాగుదురు. పాటు దిగనారంభింపగనే గుంట నోటికి బంకమట్టితో కట్టవేసి, లోపలి నీటిని తోడివేయుదురు. ఓడ ప్రక్కకు ఒరగకుండ ఇరువైపుల దూలములు ఊతపెట్టుదురు. అంతట పనివారు అడుగుపలకల సందులలో జనుపపీచు కూరి, పాతబడిన పలకలను విప్పి క్రొత్తవి బిగించి, తారు పూయుదురు. పని ముగియగనే మరల పెద్దపోటు కొఱకు వేచియుండి, కట్టను తెగగొట్టినచో ఏఱే వచ్చి ఓడను లేవనెత్తి తీసికొనిపోవును. ఇనుపతలుపు లేదు, ఆవిరియంత్రము లేదు. చంద్రుని గమనమును, మట్టిపని చేయు జనమును ఉన్నచో చాలును. 19వ శతాబ్ది తొలి సంవత్సరములలో రోబక్ అను ఇంగ్లీషువాడు ఇచ్చటనే పెద్ద నౌకలకు తగిన డాకును నిర్మింపజేసెను.

పాఠకులు ఈ కాలమును గమనింపవలెను. ఏలయనగా కోరంగి చరిత్రను ముచ్చటించు వారందఱును తుపానులతోనే దానిని ముగింతురు. 1789 డిసెంబరునందలి యుప్పెన కథ భయంకరమైనదే. ‘సైక్లోను’ అను పదమును సృష్టించిన హెన్రీ పిడింగ్టను నావికులకై వ్రాసిన గ్రంథములో ఆ వృత్తాంతము గలదు: మూడు మహాతరంగములు ఒకదాని వెనుక నొకటి వచ్చినవట, మొదటిది ఊరిలో మోకాళ్లకు మించిన నీటిని నింపినది, రెండవది పల్లపు నేలనెల్ల ముంచినది, మూడవది సమస్తమును కప్పివేసినది, ఏటిమొగలో లంగరువేసిన ఓడలు యానాము పొలములలోనికి కొట్టుకొనిపోయినవి, ఇరువది వేలమంది పోయిరని లెక్క వ్రాసిరి. 1832లో మఱియొక గాలివాన. 1839 నవంబరు 25వ తేదీని ఇంకను పెద్ద యుప్పెన. ఈ కడపటిదానిలో మూడు లక్షలమంది మరణించిరను సంఖ్య యెన్నియో పుస్తకములలో అచ్చుపడియున్నది. చుట్టుపట్ల పల్లెల నాటి జనసంఖ్యను తలచినచో దానిని నమ్ముట కష్టము. ఒకరు వ్రాసినదానిని ఇంకొకరు ఎత్తివ్రాయుటలో సున్నలు గట్టిపడునుగాని పలుచబడవు.

ఈ తుపానులే కోరంగిని చంపినవను మాటను నేనంగీకరింపజాలను. 1789 యుప్పెన తరువాత పది పదునైదేండ్లలోనే అక్కడ పెద్ద డాకు కట్టిరన్నచో ఆ రేవు చావలేదనియే యర్థము. ఊరు మునిగినను వర్తకుడు మరల వచ్చును. కాని మొగ పూడినచో రాడు. పిడింగ్టను చెప్పిన కథలోనే అసలు సంగతి చివర గలదు: సముద్రము వెనుకకు తగ్గుచు ఇసుకను, బురదను కుప్పలుగా విడిచి, పెద్దయోడలకు ఏటిమొగను మూసివేసినది. దానిపై ప్రతిసంవత్సరమును గోదావరి వరదతో వచ్చిన మేట చేరుచుండెను. ఇంతలో అఖాతమునకు తూర్పున హోప్ ఐలండ్ అని నేడు మనము పిలుచు ఇసుకతిన్నె, ఈ రెండు శతాబ్దులలోనే, ఉత్తరముగా మైళ్లకొలది సాగిపోయినది. ఓడలా, ఏటికేడు పెద్దవగుచుండెను. ఆవిరియోడలు వచ్చిన పిదప బురదడాకులతో వానికి పనిలేకపోయెను.

కట్టకడపటి దెబ్బ మాత్రము మనకు వరమైన పనివలన తగిలినది. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట పొలములకు నీరిచ్చుటయే గాక, కాలువలను జలమార్గములుగా మార్చినది. మన మధ్యడెల్టా కొబ్బరికాయలు, పీచు, ధాన్యము బొబ్బర్లంక లాకులకు ఎక్కి, గోదావరి దాటి, ధవళేశ్వరమున తూర్పుకాలువలో పడి, కాకినాడకు పడవలమీద చేరునట్టి త్రోవ యేర్పడినది. ఏటిమొగల మేటలతో నిమిత్తములేని త్రోవ అది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము ప్రారంభమై లాంకషైరు మిల్లులకు ప్రత్తి కఱవైనప్పుడు, మన ప్రత్తిబేళ్లు ఎగుమతియైనది కాకినాడనుండియే. గిడ్డంగులు, ప్రత్తి ప్రెస్సులు, దొరల కొట్లు, బ్యాంకు, అన్నియు జగన్నాథపురపు కాలువ గట్టున లేచినవి. కోరంగిలో గోడలు కూలుచుండగా కాకినాడలో గోడలు లేచుచుండెను.

రేవు పోయినచో రేవు కూలి యేమయ్యెను? చరిత్రకారులు సామాన్యముగా అడుగని ప్రశ్న ఇది. అతడు బంగాళాఖాతమును దాటిపోయెను. కాకినాడనుండి రంగూనునకు ఆవిరియోడలు నడచిన కాలమున మేస్త్రీలు బయానా యిచ్చి జట్లు జట్లుగా మనవారిని తీసికొనిపోయిరి. బర్మాలో తెలుగువానికి ‘కోరంగి’ యనియే పేరుపడెను. రంగూను రేవున బియ్యపు బస్తాలు మోసినవాడు, ఓడ పొట్టలోనికి దిగినవాడు, క్రేను క్రింద నిలిచినవాడు తెలుగువాడు. 1930 మే నెలలో ఆ కూలీలు కూలి పెంపునకై సమ్మె చేసిరి. కంపెనీలవారు బర్మీయులను పనిలో పెట్టుకొని, సమ్మె ముగియగనే వారిని పొమ్మని తెలుగువారిని మరల పిలిచిరి. దానితో రేవుగట్టున రేగిన కొట్లాట నగరమంతయు వ్యాపించి, నూటికి పైగా ప్రాణములు పోయినవి. చనిపోయినవారిలో అత్యధికులు మనవారే. 1942లో జపానుసేనలు వచ్చినప్పుడు మిగిలినవారిలో పలువురు అడవులగుండ కాలినడకను మరలివచ్చిరి. కోనసీమలో పాత మండువా లోగిళ్ల స్తంభములను చూచి బర్మాటేకని మెచ్చుకొనువారికి, ఆ టేకును ఓడకెక్కించిన వాని భుజము గుర్తుకు రాదు.

లండనులో జరిగిన కథతో దీనిని పోల్చిచూచుట యుచితము. కోరంగిలో రోబక్ డాకు కట్టించిన కాలముననే, అనగా 1802లో, థేమ్సునదియొడ్డున వెస్టిండియా డాక్సు తెఱచిరి. వెస్టిండీసు తోటలలో నీగ్రోబానిసల చెమటతో పండిన చక్కెర దిగుటకు కట్టిన రేవు అది. దొంగల భయముచే చుట్టును కోటగోడ. దానికిని కాలము చెల్లినది. సరకులను ఇనుపపెట్టెలలో నింపి తెచ్చు మహానౌకలు లోతైన దిగువ రేవులకు తరలిపోవుటచే 1980లో అది మూతపడినది. మఱుసటి యేడు ప్రభుత్వము ఆ ప్రాంతమునకంతటికి ఒక ప్రత్యేక సంస్థను నెలకొల్పి, ప్రణాళికాధికారమును స్థానిక మండలులనుండి తీసి దాని చేతికిచ్చినది. 1991 నాటికి అదేచోట కానరీ వార్ఫు ఆకాశహర్మ్యము నిలిచినది. 1998లో తన పని ముగిసినదని ఆ సంస్థయును మూతపడినది. నేడచ్చట బ్యాంకులు, మెరుపుటద్దముల మేడలు. వ్యర్థముగా పడియున్న నేల మరల అక్కఱకు వచ్చినమాట నిజమే. కాని అచ్చటి రేవుకూలీల బిడ్డలకు ఆ మేడలలో కొలువులును, ఆ చుట్టుపట్ల తాళగలిగిన అద్దెకు ఇండ్లును దొరుకలేదను విమర్శ ఆనాటినుండి నేటివఱకు వినబడుచునే యున్నది. అహ్మదాబాదున సాబర్మతి గట్టును సుందరముగా తీర్చినప్పుడు గూడ గట్టుమీది గుడిసెలలోని వేలకొలది కుటుంబములు ఊరి చివరకు పోవలసి వచ్చినది. స్థలము బాగుపడుట వేఱు, స్థలమునందలి జనము బాగుపడుట వేఱు.

మరల కోరంగికి వత్తము. అచ్చట ఏ సంస్థయు లేదు, ఏ పథకమును లేదు. ఓడలు విడిచిన బురదలోనికి మడచెట్టు వచ్చినది. ఉప్పుపొన్న కాయను దగ్గఱగా చూచినవారికి ఆ చెట్టు నేర్పు తెలియును: గింజ చెట్టున నుండగనే మొలకెత్తి, పచ్చని కడ్డీవలె జానెడు పొడవు దిగి, బరువైన కొన క్రిందుగా రాలును, పాటు సమయమైనచో బురదలో నిట్టనిలువున గ్రుచ్చుకొనును, పోటు సమయమైనచో తేలిపోయి మఱియొకచోట నాటుకొనును. మడచెట్లు తమ చుట్టును బురదలోనుండి వేళ్లను మీదికి పొడుచుకొని గాలి పీల్చును. తిల్లచెట్టు పాలు కంటబడినచో ప్రమాదమని చేపలవేటకు పోవువారు దానికి దూరముగా తొలగుదురు. వేళ్ల నడుమ నిలిచిన ఒండ్రు గట్టిపడి క్రొత్తనేల యగును. ఆ నీడలో రొయ్యపిల్ల, పీతపిల్ల పెరుగును. వానికై నీటికుక్కయు, బావురుపిల్లియు వచ్చును. 1978లో సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర ఈ యడవిని కోరంగి వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించిరి. నేడు పట్టణపు పిల్లలు అడవిలో వేసిన చెక్కబాటమీద నడచి, సెలవునాడు పడవయెక్కి మొగవఱకు పోయి వచ్చుచున్నారు.

ఈ మాటలు విని ప్రకృతి తనంతట తానే అన్నిటిని సరిదిద్దుకొనునని నిశ్చింతగా నుండరాదు. వంటచెఱకునకై నఱికినచోట్ల మడ మరల మొలవక నేల పఱ్ఱబాఱినది. దానికి కారణమును శాస్త్రజ్ఞులు ఇట్లు గుర్తించిరి: చెట్టు పోయిన నేల ఎండకు అణగి నడుమ గుంటపడును, పోటునీరు ఆ గుంటలోనికి వచ్చునుగాని పాటులో మరలిపోదు, నిలిచిన నీరు ఆవిరియై ఉప్పు మిగులును, ఆ ఉప్పులో మడవిత్తు సైతము బ్రతుకదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు తమిళనాడునందలి పిచ్చావరములో ఈ రహస్యమును తెలిసికొని, గోదావరి, కృష్ణా మొగలకు గూడ దాని చికిత్సను తెచ్చిరి. ఏటినుండి ఒక పెద్దకాలువ త్రవ్వి, దానికి ఇరుప్రక్కల ఏటవాలుగా పిల్లకాలువలు తీయుదురు; పైనుండి చూచినచో చేపముల్లు ఆకారము. పోటు ప్రతిదినమును లోనికి వచ్చి ఉప్పును కడిగికొని పోవును. రెండవ యేటనో మూడవ యేటనో నాటిన మొక్క నిలద్రొక్కుకొనును. అటవీశాఖవారితోబాటు పల్లెల సంఘములును ఈ కాలువల పనిలో పాలుగొన్నవి. పనిముట్లు పారయు గంపయుమాత్రమే. బురదడాకులు త్రవ్విన నేలలో, అదే పోటును నమ్ముకొని, అదే మట్టిపనియన్నమాట.

ఈ యడవి విలువ తెలియుటకు 1996 నవంబరు 6వ తేదీ రాత్రిని కోనసీమ పెద్దలను అడిగినచో చాలును. లక్షలకొలది కొబ్బరిచెట్లు నేలగూలిన ఆ రాత్రి, సముద్రమునకును ఊరికిని నడుమ మడ యున్నదా లేదా యనునది చావుబ్రదుకుల మాటయైనది. 1999 నాటి ఒరిస్సా మహాతుపాను తరువాత కేంద్రపడ జిల్లా గ్రామములను పరిశీలించినవారు, మడయడవి వెడల్పుగా నున్నచోట్ల ప్రాణనష్టము తక్కువయని తేల్చిరి. అయినను మడభూములను రొయ్యలచెఱువులుగా మార్చు ఆశ తగ్గలేదు. మన తుపాను వచ్చి ఐదువారములు తిరుగగనే, 1996 డిసెంబరు 11వ తేదీని, తీరమండలములోని రొయ్యలచెఱువులపై సుప్రీముకోర్టు కఠినమైన తీర్పు చెప్పవలసి వచ్చినది.

కాకినాడ సంగతి ఇంకను చిక్కైనది. 1997లో లోతునీటి ఓడరేవు పనిచేయ నారంభించుటతో పాతరేవు శోభ తగ్గినది. 2016 జనవరిలో ప్రకటించిన తొలి ఇరువది స్మార్టు నగరములలో కాకినాడ పేరుండుటతో గట్టున ఉద్యానములు, నడకబాటలు అను మాటలు వినవచ్చినవి. కాని పాతరేవు చావలేదు. బియ్యపు బస్తాలతో బార్జీలు నేటికిని కాలువవెంట పోయి, దూరమున లంగరువేసిన ఓడలకు సరకు అందించుచున్నవి. ఆ పనిమీద బ్రతుకు కళాసీలు, హమాలీలు, బార్జీలు మరమ్మతు చేయువారు ఆ గట్టుననే యున్నారు. ఏటిమొగ, దుమ్ములపేట వాడలలో వేటకు పోవువారున్నారు. ఇట్టిచోట పాతబడినదని చెప్పి పనిని తుడిచి పూలకుండీలు పెట్టుట పునరుద్ధరణము కాదు. 2020లో దుమ్ములపేటయొద్ద మడభూమిని పేదల ఇండ్లస్థలములకై పూడ్చుట పెద్ద వివాదమై జాతీయ హరిత న్యాయస్థానమునకు ఎక్కినది. పేదవానికి ఇల్లు కావలెను, ఊరికి మడయును కావలెను. ఈ రెంటిలో ఒకదానిని కోరుకొమ్మని పేదవానినే అడుగుట న్యాయముగా నాకు తోచదు. మెరక భూములన్నియు ఎవరి చేతిలో నున్నవో మొదట అడుగవలసియున్నది.

ఇది పాతకాలపు ముచ్చటయని కోనసీమవారు ఊఱకుండుటకు వీలులేదు. కోరంగికి కూతవేటు దూరముననే, గాడిమొగయొద్ద, 2009 ఏప్రిలునుండి సముద్రగర్భపు సహజవాయువు ఒడ్డుకు వచ్చుచున్నది. కొలది యేండ్లలోనే ఆ క్షేత్రపు దిగుబడి తగ్గినదని లోకమెల్ల నెఱుగును. మన వైపున సూరసాని యానామున రవ్వ క్షేత్రపు చమురు దిగుచున్నది, ఓడలరేవున ఓ.ఎన్.జి.సి. వారి టెర్మినలు నిలిచియున్నది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకొని రెండునెలలు మండినప్పుడు, ఈ పరిశ్రమ వచ్చుటవలన కలుగు భయమేమో మనకు తెలిసినది. పోవుటవలన కలుగు చిక్కేమో ఇంకను తెలియదు. చమురుబావులు మూతపడునాడు స్థలమును బాగుచేయుటకై కంపెనీలు ముందుగనే సొమ్ము దాచవలెనని కేంద్రప్రభుత్వము 1999లో స్థలపునరుద్ధరణ నిధి పథకము నేర్పరచినది. సొమ్ము గలదు సరే. ఆ నేల ఏమి కావలెనో చెప్పవలసినవారెవరు? మడయా, సరుగుడుతోటయా, చేపలరేవా యని నిర్ణయించుటకు పంచాయతీలను, వేటగాండ్ర సంఘములను ఇప్పటినుండియే కూర్చుండబెట్టవలెను. గొట్టములు తీసిన తరువాత కాదు.

ఆ ఓడలరేవునకు ప్రక్కనే, వైనతేయ మొగయొద్ద, బెండమూర్లంక గలదు. పూర్వము ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు మన కోనసీమ నేలమీద కొట్టు పెట్టిన చోటు అదియే. అచ్చటినుండి వైనతేయ వెంట ఎగువకు పోయి, గన్నవరమున ఏటిమీదుగా కాలువను దాటించిన అక్విడక్టు కథను, 2000లో ప్రక్కనే క్రొత్తది వెలసిన తరువాత ఆ పాతకమానుల గతి యేమైనదో ఆ సంగతిని, వచ్చు సంచికలో విచారింతము.

(సశేషము)